అరగని పదకొండో నంబరు

ఫిబ్రవరి 3, ఆదివారం

ఒసే పిడికెడూ,

పుట్టినప్పుడు పిడికెడంత ఉన్నావని పెట్టిన పేరు. ఇప్పుడు నువ్వు గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు, అయినా నాకు పిడికెడువే. ఫోన్ చెయ్యొద్దని నేనే అన్నాను కాబట్టి రాయక తప్పదు. ఫోనులో ఏముందే? నువ్వు హలో అంటావు, నేను ఏడుస్తాను, నువ్వూ ఏడుస్తావు, ఎవరం ఏం చెప్పుకోలేదని పెట్టేశాక గుర్తొస్తుంది. కాగితం మీదైతే అక్షరం తడుస్తుంది గాని మాట ఆగదు. నాలుగో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకో.

అయ్యగారు చర్చిలో ఇశ్రాయేలీయుల ప్రయాణం మొదలుపెట్టారు. ఐగుప్తులోంచి బయల్దేరదీశాను, దేవుడిస్తానన్న కనాను చేర్చేదాకా వదలను అన్నారు. మన మైకు పెద్దమ్మ ఊరుకుంటుందా, "మరి నలభై ఏళ్ళు పడుతుందేమో అయ్యగారూ" అంది. గొణిగాననుకుంది, వీధిలోకి వినపడింది. చర్చి మైకు పాడైనప్పుడల్లా ఆవిడ చేతే ప్రకటనలు చెప్పిస్తారు గదా, మరి ఆ గొంతు గొణిగితే ఎలా ఉంటుంది.

ఇవాళ ఏం చెప్పారంటే, అరణ్యంలో అన్నేళ్ళు నడిచినా వాళ్ళ బట్టలు చిరగలేదంట. చెప్పులు అరగలేదంట. కాళ్ళు వాయలేదంట. ఆమేన్ అనగానే అందరికంటే ముందు బయటికొచ్చి, గుమ్మం దగ్గర విప్పిన మీ అన్న చెప్పులు తిరగేసి చూశాను.

అరగలేదే పిడికెడూ!

వాడికి జ్వరమొచ్చిన రోజు మీ నాన్న భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు, చెప్పులు గుమ్మంలో ఉండిపోయాయి. వాడు తిరిగి రాలేదు, అవి ఎక్కడికీ పోలేదు. వానాకాలం నుంచీ నేనే వేసుకు తిరుగుతున్నాను. పదకొండో నంబరు, అందులో నా కాలు పడవలో పిల్లిపిల్ల. కుళాయికి అవే, కొట్టుకి అవే, గుండీలు కుట్టిన చొక్కాలు ఇచ్చి రావడానికీ అవే. టపాటపా మోతకి వీధి చివర కుక్క కూడా లేచి దారిస్తుంది. ఇంత తిరిగితే అరగాలా వద్దా? మడమ దగ్గర తొక్కుడుకి పల్చబడాలి, పడలేదు. తెగిన పట్టీకి నేను గుండీల నీలం దారంతో వేసిన కుట్టు కూడా చెక్కుచెదరలేదు.

మైకు పెద్దమ్మ వెనకే వచ్చింది. "చెల్లీ, ఇంకా ఎన్నాళ్ళే ఈ ఏడుపు? దారి చూపిన మోషే అంతటివాడు పోతే ఇశ్రాయేలీయులు ముప్పై రోజులు ఏడ్చి లేచి నడిచారు. నీ కొడుకు మోషే కన్నా ఎక్కువా?" అంది.

"మోషే వాళ్ళమ్మ అప్పటికి బతికి లేదు కదక్కా. ఉంటే ముప్పై రోజులతో ఊరుకునేదా?" అన్నాను.

ఆవిడ నోరు తెరిచి మళ్ళీ మూసింది. చాలామంది ఆ నోరు మూయడం మొదటిసారి చూశామన్నారు.

మీ నాన్నకి ఎప్పుడో చెప్పేశాను, నీకూ చెబుతున్నా. ఈ చెప్పులు అరిగేదాకే నా నడక. అవి అరిగిపోయిన రోజు మంచం ఎక్కుతాను, ముద్ద ముట్టను, వాడి దగ్గరికి పోతాను. ఉత్తి మాట కాదు. చెప్పినప్పుడు మీ నాన్న నా మొహం వైపు చూడలేదు, చెప్పుల వైపు చూశాడు. ఆ మనిషికి మాటకి మాట చెప్పడం ఎప్పుడు వచ్చింది గనక. ఇప్పుడు చూడు, దేవుడు అరగనివ్వడం లేదు. నన్ను పోనివ్వడనా? ఇంకెంత దూరం నడిపిస్తాడో అర్థం కావడం లేదు.

నువ్వు హోటల్లో ఆ మిషన్ల పక్కన నిలబడి తింటున్నావని విన్నాను. మానుకో.

ఇట్లు,
అరగని చెప్పుల్లో మీ అమ్మ


ఫిబ్రవరి 14

అమ్మా,

నీ ఉత్తరం దుప్పట్ల గదిలో చదివాను. ఇక్కడ దుప్పట్లు ఇస్త్రీ మిషన్లోంచి వేడివేడిగా నాలిక చాపినట్టు వస్తుంటాయి, ఇటు నేను, అటు ఒక ముసలామె పట్టుకుని మడతపెట్టాలి. నేను చదువుతూ మడత వంకరగా పెట్టానని ఆమె తిట్టింది. మోషే వాళ్ళమ్మ మాట చెప్పాను. ఆమెది వేరే భాష, సగమే అర్థమైంది. అయినా మిషన్ ఆపి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తిట్టింది.

నిలబడి తింటున్నమాట నిజమే. కూర్చోవడానికి స్టూలుంది, దాని మీద ఎప్పుడూ తలగడ గలీబులుంటాయి. నువ్వు దిగులుపడకు.

చెప్పుల సంగతి బాగుంది గాని, అమ్మా, ఈమధ్య రబ్బరు గట్టిది వస్తోంది. ప్రతిదానికీ దేవుణ్ణి లాగకు. ఆ మంచం ఎక్కే మాట ఇంకోసారి రాశావంటే ఉద్యోగం మానేసి వచ్చి, మంచమే అమ్మేస్తాను.

ఇంకోమాట. చలికి ముందు నాన్న ఫోన్ చేసి వాళ్ళ పరుపుల షెడ్డు సూపర్వైజర్‌కని పదకొండో నంబరు చెప్పులు పంపమన్నాడు. అచ్చం అన్నయ్య వేసుకునే రకమే, ఆ గోధుమరంగే. మొన్న ఇంకో జత కూడా అడిగాడు. మొదటి జత సరిపోయిందో లేదో కనుక్కో. సూపర్వైజర్‌కి అంతంత కాళ్ళా? మన అన్నయ్యొక్కడే ఏనుగు పాదం అనుకున్నాను.

నీ పిడికెడు


ఫిబ్రవరి 24, ఆదివారం

పిడికెడూ,

మొదట కూర్చో. దుప్పట్లు పక్కన పెట్టు. మీ నాన్న సూపర్వైజర్ ఆడది.

ఆ షెడ్డుకి ఆవిడొచ్చి ఏడాది దాటింది. ఆడదానికి మీ నాన్న చెప్పులెందుకు కొంటున్నాడే? అదీ రెండు జతలు? మనిషి నోట్లోంచి రోజుకి పది మాటలు రావు, వాటిలో చెప్పుల మాట ఒక్కటి లేదు. నాకు మాత్రం పెళ్ళయిన ఇన్నేళ్ళలో తలగడ తప్ప ఏదీ తేలేదు. అదీ షెడ్డులో మిగిలిన దూదితో.

నేను ఊరుకుంటానా? టిఫిన్ డబ్బా మర్చిపోయాడని వంకపెట్టి షెడ్డుకి వెళ్ళాను. లోపలంతా దూది మంచు కురిసినట్టు ఎగురుతోంది, అందరి కనుబొమలూ తెల్లగా ఉన్నాయి, ఎవరు ముసలో ఎవరు పడుచో తెలీదు. ఆవిడ బల్ల వెనకాల కూర్చుంది. కాళ్ళు కనబడవు. సూది పడిపోయిందని చెప్పి బల్ల కిందకి దూరాను.

పిచ్చుక కాళ్ళు! నాలుగో నంబరైనా ఉంటుందో ఉండదో.

ఆవిడ కిందకి వంగి, "ఏం వెతుకుతున్నావమ్మా?" అంది.

"మా ఆయన మీకేమన్నా ఇచ్చారా అమ్మా?"

"ఇస్తున్నాడు. రోజూ మధ్యాహ్నం గురక ఇస్తున్నాడు. కుట్టాల్సిన పరుపు మీదే పడుకుని నిద్రపోతున్నాడు. ఇంట్లో పడుకోనివ్వవా తల్లీ?" అంది. అందరూ నవ్వారు. దూది నా నోట్లోకి పోయింది.

ఎందుకు పడుకోడు, బాగానే పడుకుంటాడు. కాకపోతే వెలుగు రాకముందే సంచీ పట్టుకుని ఎక్కడికో పోతున్నాడు. వచ్చేసరికి రెండు కాళ్ళూ బూరెల్లా వాచి ఉంటాయి. ఏమయ్యా అంటే "నడక" అంటాడు. నడక నాకు లేదా? నా కాళ్ళు వాయలేదే! అప్పుడే వాక్యం గుర్తొచ్చింది. చెప్పులు అరగవు అన్నది నాకు నెరవేరింది, కాళ్ళు వాయవు అన్నది ఆయనకి నెరవేరలేదు. ఒక్క వాగ్దానం రెండు ముక్కలై ఇంట్లో చెరొకరికీ వస్తుందా? అయ్యగారిని అడిగితే, "ఆయన విశ్వాసం ఎలా ఉందమ్మా?" అన్నారు. ఏం చెప్పను, విశ్వాసం సంగతి తెలీదు, మెడ మాత్రం పట్టేసింది. తలగడ రాయిలా ఉందయ్యా, ఇటివ్వు దూది విదిలిస్తాను అంటే గుండెలకి హత్తుకుని ఇవ్వడు. ఇశ్రాయేలుకి ఆ పేరు రాకముందు, ఉత్తి యాకోబుగా ఉన్నప్పుడు, రాయి తలగడ పెట్టుకుని పడుకుంటే కలలో ఆకాశానికి నిచ్చెన కనబడిందంట. ఈయనకి నిచ్చెన కనబడుతోందో, ఇంకెవరన్నా కనబడుతున్నారో.

మైకు పెద్దమ్మ చూసొచ్చింది. నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరుగుతున్నాడంట. అక్కడంతా కంకర పోసి ఉంది, మామూలు మనిషి నడవడు. ఆ కంకర మీద తల వంచుకుని, మాట్లాడకుండా, చుట్టూ చుట్టూ.

"యెరికో గోడ చుట్టూ ఇశ్రాయేలీయులు తిరిగినట్టు తిరుగుతున్నాడే చెల్లీ! ఏదో కూలగొట్టమని ప్రార్థన పెట్టుకున్నాడు!" అంది.

ట్యాంకు కూలితే మనకేం వస్తుందే? నీళ్ళు రావడం మానేస్తాయి అంతే.

నువ్వే అడుగు మీ నాన్నని. నేను అడిగితే "ఊఁ" అంటాడు.

ఇట్లు,
బల్ల కిందకి దూరిన మీ అమ్మ


మార్చి 3

అమ్మా,

నాన్నతో మాట్లాడాను. అంతా సరిపోయింది. నువ్వు అనుకునేదేమీ లేదు. చెప్పులు సూపర్వైజర్ వాళ్ళాయనకంట. ఆయనవి పెద్ద కాళ్ళంట, మన ఊళ్ళో దొరకడం లేదంట. పాపం.

నడక డాక్టరు చెప్పాడంట. కంకర కూడా డాక్టరే చెప్పాడంట. రక్తం బాగా పారుతుందని.

ఇక ఈ సంగతి వదిలెయ్. నాన్నని అడగకు, తలగడ జోలికి వెళ్ళకు. ముఖ్యంగా, అమ్మా, చెప్పులు అరగడం లేదని చర్చిలో ఎవరికీ చెప్పకు. అయ్యగారికి అసలు చెప్పకు. మంచి సంగతులు మనసులో దాచుకుంటే నిలుస్తాయి. ఆకాశం నుంచి రాలిన మన్నా ఎక్కువ ఏరి దాచుకుంటే పురుగు పట్టిందని నువ్వే కదా చెప్పేదానివి. (ఇది దానికి సరిపోదు, తెలుసు. ఇంకోటి గుర్తు రాలేదు.)

నువ్వు తింటున్నావు కదా? రోజూ?

నీ పిడికెడు


మార్చి 17, ఆదివారం

పిడికెడూ,

నీ ఉత్తరం అందేసరికే అయ్యగారికి చెప్పేశాను.

సూపర్వైజర్‌కి పెళ్ళే కాలేదు. లేని మొగుడికి పదకొండో నంబరు కాళ్ళు ఎక్కడ మొలిచాయే? నీకు అబద్ధం చెప్పింది మీ నాన్నా, నాకు చెబుతున్నది నువ్వా? డాక్టరు కంకర మందు రాశాడా? మన్నా మాట నువ్వు ఎత్తినప్పుడే అనుకున్నాను ఏదో పురుగు పట్టిందని.

మెల్లగా చెబుతాను విను. పోయిన ఆదివారం అయ్యగారు చెప్పులు చేతిలోకి తీసుకుని అటు తిప్పారు, ఇటు తిప్పారు, అద్దాలు పైకి పెట్టి చూశారు, కిందకి పెట్టి చూశారు. "ఎన్నాళ్ళ నుంచమ్మా?" అన్నారు. వానాకాలం నుంచి అన్నాను. ఆయన తన చెప్పులు చూసుకున్నారు. పండగకి కొన్నవి, అప్పుడే మడమ కంత పడింది. "కనాను చేరే ఆదివారం, నెలాఖరున, నువ్వు సాక్ష్యం చెప్పు. చెప్పులు తీసుకురా" అన్నారు. అని, "పూజించడానికి కాదు! చూడ్డానికి మాత్రమే!" అని రెండుసార్లు అన్నారు. బంగారు దూడని చేసుకుని మొక్కిన సంగతి చెప్పింది ఆయనే కదా, భయం ఉంటుంది.

అప్పట్నుంచి నాకు వీధిలో నడవడం కష్టమైపోయింది. వెళ్ళేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఒకరు, "కాలెత్తు చూద్దాం" అంటారు. గుర్రానికి లాడం చూసినట్టు చూస్తున్నారు.

అక్కడ ట్యాంకు సంగతి చెబితే నవ్వుతావు, నాకు నవ్వు రాలేదు. మీ నాన్న వెనకాల మొదట మైకు పెద్దమ్మ తిరగడం మొదలుపెట్టింది. ఆవిడ వెనక ఇంకో నలుగురు. ఇప్పుడు చర్చిలో సగంమంది పొద్దున్నే అక్కడే. ఎందుకు తిరుగుతున్నారో ఒక్కరికీ తెలీదు. మీ నాన్నని అడిగితే ఆయన మాట్లాడడు. యెరికో చుట్టూ తిరిగినప్పుడు కూడా మాట్లాడొద్దనే కదా ఆజ్ఞ, కాబట్టి అదే రుజువు అంటున్నారు! ట్యాంకు వాచ్‌మన్ హడలిపోయాడు. "అమ్మా, ఏడో రోజు కేకలేసి కూలగొడతారంట కదా, ఏ రోజో ముందే చెబితే నేను సెలవు పెట్టుకుంటాను" అన్నాడంట. నీళ్ళ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి స్తంభాలు తట్టి చూసి వెళ్ళాడు.

అసలు విషయం నాకు తెలిసిపోయింది. ట్యాంకు పక్కన మేడ ఎవరిది? సూపర్వైజర్‌ది. ఆయన తిరిగేది ట్యాంకు చుట్టూ కాదు.

నా కొడుకు పోయాడు, వాడి చెప్పులు ఉన్నాయి. ఆ రెండు రబ్బరు ముక్కలు పట్టుకుని నడుస్తున్నాను. ఇంట్లో మనిషి కూడా వాటి పక్కన నిలబడడా? నాకోసం ఒక్క అడుగు వెయ్యడా? ఆ మాట అడగాలనుంది. అడిగితే "ఊఁ" అంటాడని భయం.

ఇట్లు,
లాడం కొట్టిన మీ అమ్మ


మార్చి 22

అమ్మా,

ఇది త్వరగా అందాలని పోస్టాఫీసు మెట్ల మీదే రాస్తున్నాను.

చెప్పులు చర్చికి తీసుకెళ్ళకు. ఆ దూడ కూడా కరిగించకముందు చెవి కమ్మలే కదా, ఎవరూ చెడ్డ ఉద్దేశంతో ఇవ్వలేదు. బల్ల మీద పెడితే చెప్పు చెప్పుగా ఉండదు.

సూపర్వైజర్‌ని వదిలెయ్. నాన్నని అనుమానించకు. నాన్నని ఒక్కసారి కూర్చోబెట్టి నెమ్మదిగా అడుగు. కాదు, అడగకు. ఆయన పక్కన కూర్చో చాలు. ఆయన కాళ్ళు చూడు.

నీ పిడికెడు


మార్చి 31, ఆదివారం

పిడికెడా నువ్వు, పుట్టెడు!

నీ ఉత్తరం నిన్న అందింది. కాళ్ళు చూడమన్నావు, చూడలేదు. కోపం మీద ఉన్నాను. ఇవాళ పొద్దున ఆయన సంచీ పట్టుకుని పోగానే, నేను చెప్పులు కొంగులో చుట్టుకుని, ఒట్టి కాళ్ళతో చర్చికి పోయాను. సాక్ష్యం సంగతి ఆయనకి చెప్పలేదు. ఆయన చెప్పేవి నాకు చెబుతున్నాడా ఏంటి.

ముందు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి దానిమీద చెప్పులు పెట్టారు. ఎవరో రిబ్బను కట్టారు, అయ్యగారు విప్పేశారు. ఆయన పాట పాడిస్తుంటే మళ్ళీ ఎవరో కట్టారు. చర్చి నిండిపోయింది. నేను లేచి సాక్ష్యం మొదలుపెట్టాను. మీ అన్న పేరు దగ్గరికొచ్చేసరికి బల్ల అంచు పట్టుకున్నాను.

అప్పుడు బయట మైకు పెద్దమ్మ కేక.

ట్యాంకు మంద అంతా అటునుంచి అటే వచ్చినట్టుంది, మీ నాన్న ముందు, వీళ్ళు వెనక. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే ఆవిడ మీ నాన్న విప్పినవి చూసింది. "స్తోత్రం! బల్ల మీదున్నవి గుమ్మంలో కూడా ఉన్నాయి!" అని ఆ రెండూ ఎత్తి పట్టుకుని లోపలికి పరుగెత్తుకొచ్చింది. బల్ల మీద పక్కపక్కన పెట్టింది. అదే గోధుమరంగు. అదే పదకొండు. అదే చోట అదే నీలం కుట్టు. అంతే అరుగుదల, వెంట్రుకవాసి తేడా లేదు.

"యేసు చేతిలో ఐదు రొట్టెలు పెరిగినట్టు పెరిగాయి!" అన్నారొకరు.

"అది కొత్త నిబంధన, మనం ఇంకా అరణ్యంలోనే ఉన్నాం," అన్నారు ఇంకొకరు.

"ఆగండి, ఆగండి," అంటున్నారు అయ్యగారు. ఎవరాగుతారు? ఒకాయన మీ నాన్న సంచీ పట్టుకుని "ఇందులో కూడా ఉంటాయి!" అని బోర్లించాడు. ఉన్నాయి. మూడో జత. కొత్తవి, కొట్టు స్టిక్కరు కూడా పీకలేదు.

స్టిక్కరు చూశాక ఒక్కొక్కరే కూర్చోవడం మొదలుపెట్టారు.

మీ నాన్న గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఒట్టి కాళ్ళు. అప్పుడు చూశానే పిడికెడూ. వేళ్ళ మధ్య పుళ్ళు, మడమ పగిలిపోయి ఉంది, చీలమండ కనబడదు. ఆయనది ఎనిమిదో నంబరు కాలు, పదకొండులో పెట్టి కంకర మీద ఈడ్చుకుంటూ నడిస్తే ఏమవుతుంది?

"ఏంటిది?" అన్నారు అయ్యగారు మెల్లగా.

"అరిగితే పోతానంది," అన్నాడు మీ నాన్న. "అందుకని అరగనివ్వలేదు."

అంతే. అన్నిటికన్నా పెద్ద ప్రసంగం ఆయన జీవితంలో. ముక్కుతూ మూలుగుతూ ఇంకొంచెం చెప్పాడు. కొత్తవి వేస్తే నేను పసిగడతానని, నావి ఏ మాత్రం అరిగాయో కొలత చూసుకుని, కొత్త జతని ఆ మాత్రం వరకు తాను నడిచి అరగదీసి, నేను నిద్రపోయినప్పుడు మార్చేస్తున్నాడంట. నావి అరిగిపోయేలోపు ఇంకో జత తయారు. నీలం దారం నా డబ్బాలోంచే తీశాడంట. దగ్గరికి వెళ్ళి చూస్తే, కుట్టు చివర పరుపుకి వేసే ముడి! నేను వేసేది గుండీ ముడి కదా. ఇన్నాళ్ళూ చూశాను, దేవుడే గట్టిగా బిగించాడనుకున్నాను.

అయ్యగారు అద్దాలు తుడుచుకుంటున్నారు. అప్పుడు మైకు పెద్దమ్మ, "మరి ట్యాంకు పడదా?" అంది.

అందరూ నవ్వారు. మీ నాన్న నవ్వాడు. నేను నవ్వానో ఏడ్చానో తెలీదు, కొంగు తడిసింది.

యెహోషువ దగ్గరికి గిబియోను వాళ్ళు దూరదేశం నుంచొచ్చామని మాసికలేసిన పాత చెప్పులేసుకొచ్చి మోసం చేశారు. వాళ్ళని చంపలేదు, నీళ్ళు మొయ్యమన్నారు. మీ ఇద్దర్నీ ఏం చెయ్యాలో ఆలోచిస్తున్నా. చెప్పులు పంపింది నువ్వే కదా. నీకెప్పుడు తెలుసు? నిజం రాయి, ఈసారి మొగుళ్ళని పుట్టించకు.

మీ అమ్మ


ఏప్రిల్ 5

అమ్మా,

నాన్న సంగతి ఫిబ్రవరి చివర్లో తెలిసింది, సూపర్వైజర్ ఆడది అని నువ్వు రాశాక ఫోన్ చేసి నిలదీస్తే. నీకు చెబితే ఏమవుతావో అని భయపడ్డాను. నాన్న "అది తింటోంది కదా, ఇప్పుడు చెప్పకు" అన్నాడు.

ఇంకో నిజం ఉంది. చెప్పుల కొట్టులో అతను ఎవరికి అని అడిగాడు. మొదటిసారి సూపర్వైజర్‌కి అన్నాను. తెలిశాక మూడో జతకి వెళ్ళినప్పుడు నోరు జారి "మా అన్నయ్యకి" అన్నాను. "ఇంత తొందరగా అరిగాయా? మీ అన్న బాగా నడుస్తాడే" అన్నాడు. అవునండీ, ఎక్కడా కూర్చోడు అన్నాను. బయటికొచ్చి సందులో నిలబడి చాలాసేపు ఏడ్చాను. హాయిగా ఉంది. నాలుగోసారి ఎప్పుడు వెళ్ళాలా అని ఎదురుచూశాను కూడా.

అమ్మా, మంచం ఎక్కవు కదా?

పిడికెడు


ఏప్రిల్ 7, ఆదివారం

నా పిడికెడు తల్లీ,

మంచం మీద మీ నాన్న ఉన్నాడు, నాకు చోటెక్కడిది? ఉప్పువేసిన వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టించి కూర్చోబెట్టాను. సూపర్వైజర్ వచ్చి చూసి వెళ్ళింది, వారం సెలవిచ్చింది. నేను బల్ల కిందకి దూరిన సంగతి ఎత్తలేదు, మంచిది. వాచ్‌మన్ కూడా వచ్చాడు. పొద్దున్నే ఎవరూ తిరగకపోతే తోచడం లేదంట.

ఆ రోజు ఇంటికొచ్చాక అడిగాను, వాడివి, అసలువి, ఏవయ్యా అని. మీ నాన్న తలగడ తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు, పరుపుల కత్తెరతో కుట్టు విప్పాడు. దూది మధ్యలోంచి తీశాడే. ఇన్నాళ్ళూ వాటి మీద తల పెట్టుకుని పడుకున్నాడు. మెడ పట్టదా మరి.

చూశాను. అరిగిపోయాయి. ఎడమదానికి మడమ దగ్గర కంత. ఆ కంతలోంచి మీ నాన్న కన్ను కనబడింది. వాడి పెద్ద పాదం అచ్చు నిండా ఉంది, దాని లోపల చిన్నగా ఇంకో అచ్చు, నాది. కంత పడింది నా మడమ కిందే. వాడు అరగదీయలేదు, నేను అరగదీశాను.

"ఎప్పుడు మార్చావయ్యా ఇవి?" అన్నాను.

"చలి మొదలవకముందు."

అరిగిన రోజు పోతానన్నాను కదా పిడికెడూ. ఆ రోజు ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయిందంట! ఆ రోజు నేనేం చేశానో గుర్తు కూడా లేదు. గుండీలు కుట్టి ఉంటాను. కుళాయి దగ్గర ఎవరితోనో పోట్లాడి ఉంటాను. తినే ఉంటాను. యొర్దాను నది దాటేటప్పుడు ఇశ్రాయేలీయులు కనీసం నీళ్ళు ఆగడం చూశారు, నేను అదీ చూడకుండా దాటేశాను.

అయ్యగారు వచ్చి కూర్చున్నారు. సాక్ష్యం అబద్ధమైపోయింది, క్షమించండి అన్నాను. "అబద్ధం ఎక్కడమ్మా? అరగకుండా చూస్తానన్నాడు దేవుడు. ఎవరి కాళ్ళతోనో చెప్పలేదు" అన్నారు. మీ నాన్న "ఊఁ" అన్నాడు. ఇవాళ ఆ "ఊఁ" బాగుంది.

ఇవాళ ప్రసంగం ఏంటంటే, వాళ్ళు కనాను నేల పంట తిన్న మర్నాడే మన్నా ఆగిపోయిందంట. అలిగి ఆపలేదంట దేవుడు, ఇక నేల ఉంది తినండి అని ఆపాడంట. అందుకని నువ్వు నాలుగోసారి కొట్టుకి వెళ్ళక్కర్లేదు. వెళ్ళాలనిపిస్తే వెళ్ళు, మీ అన్న బాగా నడుస్తాడని చెప్పుకో, కొనకు. నేను నా కాలికి ఐదో నంబరు కొనుక్కున్నాను. చప్పుడు లేదు, వీధి కుక్క నన్ను గుర్తుపట్టక మొరిగింది. వాడివి మళ్ళీ గుమ్మంలో పెట్టాను, కంతతోనే. రిబ్బను లేదు. వాడు విప్పిన చోటే.

ఏడుపు ఆగలేదు. మోషే వాళ్ళమ్మ లెక్కే నాది. కాకపోతే నడుస్తూ ఏడుస్తాను.

ఆ స్టూలు మీద గలీబులు తీసి పక్కన పెట్టు. ఐగుప్తు నుంచి పారిపోయే రాత్రి వాళ్ళు చెప్పులేసుకుని, నిలబడి, గబగబా తిన్నారు. మనల్ని తరిమేవాళ్ళు ఎవరూ లేరే. చెప్పులు విప్పు, కూర్చో, కడుపునిండా తిను.

మీ అమ్మ